లచ్చమ్మ దర్వాజకు రిప్పింగ్ చైన్

2018 ఫిబ్రవరిలో నన్ను భువనగిరి కలప డిపో నుంచి దేవరకొండ అవతల, పాలమూరు సరిహద్దులో, కొత్త జలాశయం కింద మునగబోతున్న ఒక ఊరికి వేశారు. పని చెట్ల లెక్కింపు, ఆ తర్వాత నరికివేత. అప్పుడు నేను అటవీ శాఖలో డిప్యూటీ రేంజ్ ఆఫీసర్‌ని. ఈ హోదా తెలియని వారి కోసం చెబుతున్నాను: బీట్ ఆఫీసర్, సెక్షన్ ఆఫీసర్ మా కింద, రేంజ్ ఆఫీసర్ మా పైన. పై నుంచి వచ్చే చీవాట్లు, కింది నుంచి వచ్చే సాకులు రెండూ మా బల్ల మీదే కలుస్తాయి. దానికి తోడు నాకు కోపం కొంచెం ఎక్కువ. సర్వీసంతా వెనకాల నన్ను కస్సుబుస్సు సారు అనేవారని రిటైరయ్యాక తెలిసింది. తెలిసి ఏం చేస్తాను, అన్న మాట నిజమే.

ఊరి పేరు రాయను. ఇప్పుడది నీళ్ల కింద ఉంది, పేరు రాసినా వెళ్లి చూడగలిగేది ఏమీ లేదు. ఎక్కువ మంది గొర్రెల కాపర్లు, కొందరికి వానమీద పండే పత్తి చేలు. మేం వెళ్లేసరికే సగం ఇళ్ల కప్పులు విప్పేశారు. మా పని విధానం ఇది. ప్రతి చెట్టుకూ మనిషి రొమ్ము ఎత్తున టేపు చుట్టి చుట్టుకొలత తీయాలి, జాతి రాయాలి, విలువ కట్టి రెవెన్యూ వాళ్లకు పంపాలి. చెట్టు కూల్చాక దుంగ మొదలు వైపు, అంటే వేరు ఉండే వైపు, కోసిన ముఖం మీద శాఖ ముద్ర ఉన్న సుత్తితో ఒక దెబ్బ వేయాలి. ఆ ముద్ర పడితేనే దుంగకు రవాణా పర్మిట్ పుడుతుంది. సొంత ఇంటి అవసరానికి తన చెట్టు కలప తీసుకుపోతానన్న వారికి అనుమతి ఇవ్వవచ్చని పై నుంచి చెప్పారు. అడిగిన వారు మాత్రం తక్కువ. కొత్త కాలనీలో ఇనుప చౌకట్లు, రెడీమేడ్ తలుపులు చాలని అందరూ అనుకున్నారు.

అడిగిన వారిలో లచ్చమ్మ ఒకతె. అరవై దాటిన మనిషి. భర్త మల్లయ్య పోయి రెండేళ్లయింది, గొర్రెల మందను తమ్ముడి కొడుకులు కాస్తున్నారు. వాళ్ల గొర్రెల దొడ్డి నడుమ ఒక వేపచెట్టు. అది ఎవరూ నాటింది కాదు, తానే మొలిచింది. పెళ్లయిన కొత్తలో మేకలు కొరకకుండా మల్లయ్య దాని చుట్టూ తుమ్మకంప పాతాడట. అది పెరిగి ఇద్దరు చేతులు చాపితే గానీ కౌగిలికి రానంత అయింది. దాని కింద గొర్రెలకు ఉన్ని కత్తిరించేవాడు, దాని కొమ్మలు ఎండాకాలం మేకలకు వేసేవాడు, చివరి రోజుల్లో మంచం కూడా దాని కిందే వేయించుకున్నాడట. నేను టేపు చుడుతుంటే ఆమె పక్కనే నిలబడింది. ఎంత వస్తదని అడుగుతుందనుకున్నాను. అడగలేదు.

“సారు, గీ ఊరు పోతే పోనీ. ఇల్లు పోతే పోనీ. కొత్తింటికి దర్వాజ మాత్రం గీ యాపదే గావాలె. రోజూ దానికిందికెల్లి లోపలికి పోత, బయటికొస్త. గంతే,” అంది.

దర్వాజ అంటే మా వైపు ఇంటి పెద్ద తలుపు చౌకట్టు. రెండు నిలువు కర్రలు, పైన ఒక అడ్డం, కింద కడప. నేను చెట్టును చూశాను. కొమ్మలు చీలే చోటుకు కింద ఏడడుగులకు కొంచెం పైన నిటారు మాను ఉంది. ఒక పక్క తొర్ర. అడ్డానికీ కడపకూ పై కొమ్మలు సరిపోతాయి. నిలువు కర్రలు రెండూ మాత్రం ఆ మానులోంచే రావాలి, అదీ తొర్ర లేని వైపు నుంచి. రెండంటే రెండే వస్తాయి. ఒకటి చెడితే మూడోది లేదు. ఆ మాట ఆమెకు దాచకుండా చెప్పాను. ఆమె తలూపి, అయితే జాగ్రత్తగా కోయించండి సారు అంది. కోయించడం నా డ్యూటీ కాదని చెప్పాలని నోటిదాకా వచ్చింది, చెప్పలేదు.

సమస్య కోతే. మామూలుగా అయితే దుంగను లారీకెక్కించి దేవరకొండ కోత మిషనుకు పంపితే సరి. కానీ కట్ట పనుల కోసం ఊరి రోడ్డు అప్పటికే తవ్వేశారు. మిగిలింది పాత బండ్ల బాట. దాని మీద ట్రాక్టరు వస్తుంది, దుంగను ఎత్తే క్రేన్ రాదు. అంటే ఉన్న చోటే, చైన్‌సాతో, నిలువునా కోసి ముక్కలు చేసి మోసుకుపోవాలి. చైన్‌సాతో చెట్టు పడగొట్టడం ఊరూరా చూస్తున్నదే. దానితో దూలాలు, పలకలు కోయడం వేరే విద్య. దాని సంగతి కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే ఇప్పుడు చాలామంది యువకులు మిషన్లు కొని, పొలం గట్ల మీద చెట్లు ఇలాగే కోస్తూ, మంచి కర్రను పాడు చేస్తున్నారు. చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

నరికివేత పని చేసే సలీం దేవరకొండ వాడు. పెద్ద మిషన్, మూడడుగుల బార్, అంటే చైన్ చుట్టూ తిరిగే ఇనుప పలక. పనిమంతుడే, కానీ ఏది అడిగినా నవ్వుతూ అయితది సారు అనేవాడు. అయితది అనే మనిషితో నాకు మొదటి నుంచీ పడదు. దుంగ పడ్డాక, ముందు పై కొమ్మ మీద కోసి చూపించమన్నాను. మిషన్‌లో ఉన్న మామూలు చైన్‌తోనే మొదలుపెట్టాడు.

“మెషిన్ల దమ్ముంది సారు, ఏ చైనైనా గదే కోత,” అన్నాడు.

కోత సగం దాటేసరికి మిషన్ నుంచి పొగ. ముక్క విడదీసి చూస్తే ముఖమంతా దున్నిన చేనులా సాళ్లు సాళ్లు. పైగా కోత ఒక పక్కకు ఒరిగింది. లచ్చమ్మ ఆ ముక్క మీద చేయి వేసి చూసింది. అనవలసినవన్నీ నేనే అన్నాను. పాపం, సలీం నవ్వు ఆ ఒక్క పూట మాత్రం ఆగింది.

తప్పు మిషన్‌ది కాదు, చైన్ పన్నుది. మామూలు చైన్ కర్రను అడ్డంగా తెగగొట్టడానికి చేసింది. దాని పన్ను అంచు ముప్పై డిగ్రీల దాకా ఏటవాలుగా ఉంటుంది, నారను కత్తిలా పక్కకు కోస్తూ పోతుంది. నిలువు కోతలో పన్నుకు నార అడ్డంగా తగలదు, కొసల మీద తగులుతుంది. అక్కడ ఆ ఏటవాలు పనికిరాదు. పన్ను ఎడమకూ కుడికీ లాగుతుంది, ముఖం సాళ్లు పడుతుంది, మిషన్ మీద భారం పెరుగుతుంది. నిలువు కోతకు చేసిన చైన్‌ను రిప్పింగ్ చైన్ అంటారు. దాని పన్ను అంచు పది డిగ్రీలే, దాదాపు తిన్నగా ఉంటుంది. ఉలి పెట్టి తోసినట్టు చెక్కుతుంది. నెమ్మదిగా పోతుంది, కానీ ముఖం నున్నగా వస్తుంది, కోత తిన్నగా నడుస్తుంది.

మామూలు చైన్‌నే ఆకురాయితో పది డిగ్రీలకు అరగదీసుకోవచ్చు. చాలామంది అదే చేస్తారు. సలీం కూడా అదే చేద్దామన్నాడు. చేతితో అరగదీస్తే ఎడమ పళ్లు, కుడి పళ్లు సమానంగా ఉండాలి. ఒక వైపు కాస్త పొడుగైనా కోత ఆ వైపుకు తిరుగుతుంది. మూడడుగుల చైన్‌లో అన్ని పళ్లనూ సమంగా తేవడం తీరిక ఉన్నవాడి పని. రెండే కర్రలు వచ్చే చోట నేను దానికి ఒప్పుకోలేదు. హైదరాబాద్‌లో మా శాఖ సమావేశం ఉంటే వెళ్లి, అది అయ్యాక రాణీగంజ్‌లో మిషన్ సామాన్ల దుకాణాలు తిరిగాను.

దుకాణదారు రిప్పింగ్ చైన్లన్నీ ఒకటే సార్ అన్నాడు. కాదు. ముందు చైన్ మన బార్‌కు, మన మిషన్ చక్రానికి సరిపోవాలి. లింకుల మధ్య దూరం చక్రం పళ్లకు కుదరాలి, లింకు మందం బార్ గాడికి కుదరాలి. ఈ రెండింట్లో ఏది తేడా వచ్చినా మిగతా మంచి లక్షణాలన్నీ దండగ. ఆ తర్వాత పన్ను మూల చూసుకోవాలి. మూల పదునుగా, కోణంగా ఉండే పన్ను వేగంగా కోస్తుంది, కానీ మట్టి తగిలితే చాలు మొద్దుబారుతుంది. మూల కాస్త గుండ్రంగా తిరిగిన పన్ను నిదానంగా కోసినా పదును ఎక్కువసేపు నిలుస్తుంది. గొర్రెల దొడ్డిలో నలభై ఏళ్లు నిలబడ్డ చెట్టు బెరడులో ఎంత దుమ్ము, ఎంత ఇసుక ఉంటుందో మీరే ఊహించుకోండి. నేను గుండ్రటి మూల పన్నే తీసుకున్నాను. సన్న చైన్ ఒకటి చూపించాడు. దానికి కోతలో పొట్టు కింద పోయే కర్ర తక్కువ. ఆశ పుట్టింది, మానులో ఉన్నదే తక్కువ కదా. కానీ సన్న చైన్ గట్టి కర్రలో పొడుగు కోత మీద వేడెక్కి సాగుతుంది, సాగితే ఊగుతుంది. మందపు చైన్ రెండు నూలుపోగుల కర్ర ఎక్కువ తిన్నా తిన్నగా నడుస్తుందని అదే తీసుకున్నాను. దుకాణంలోనే ఎడమ పన్ను, కుడి పన్ను పక్కపక్కన పెట్టి చూస్తుంటే, దుకాణదారు పక్కవాడితో ఈ సారు చైన్ కొంటున్నాడా, సంబంధం చూస్తున్నాడా అన్నాడు. విననట్టే డబ్బులు లెక్కపెట్టి ఇచ్చాను.

కోతకు ముందు బెరడంతా గొడ్డలితో చెక్కించాను. ఇక మొలల భయం. దొడ్డి చెట్టుకు మొలలు ఉండక మానవు. చెట్టు పెరిగే కొద్దీ వాటిని మింగేస్తుంది, పైకి కనబడవు. చైన్‌కు ఒక్క మొల తగిలితే పళ్లు ఊడిపోతాయి. లచ్చమ్మను అడిగితే, కూలిన మాను వెంట చేత్తో తడుముతూ నడిచింది. ఒక చోట ఆగి ఇక్కడ ఒకటి ఉండాలె అంది. మల్లయ్య ఉన్ని కత్తెర తగిలించే మొల. ఆయన పొడుగు మనిషి, పిల్లలకు అందకుండా చేయెత్తి కొట్టాడట. ఉలితో తవ్వితే రెండంగుళాల లోపల దొరికింది. తుప్పు పట్టి నల్లగా, వేలంత ఉంది. దాన్ని కొంగుకు తుడిచి ముడేసుకుంది. తతిమ్మావన్నీ చిన్నవే, పైపైనే ఉన్నాయి.

దుంగ మీద ఇనుప నిచ్చెన పెట్టి బిగించాం. మొదటి కోతకు దారి చూపే పట్టా అదే. బార్‌కు బిగించిన ఇనుప చట్రం నిచ్చెన మీద జారుతూ పోతే కోత నిచ్చెనంత తిన్నగా వస్తుంది. ఒక ముఖం తిన్నగా వచ్చాక మిగతా కోతలకు ఆ ముఖమే పట్టా అవుతుంది. వెనకాల చీలికలో చెక్క మేకులు దింపుతూ పోవాలి, లేకపోతే కర్ర బరువుకు కోత మూసుకుని బార్‌ను పట్టేస్తుంది. ప్రతి కోత అయ్యాక మిషన్ ఆపి, చల్లారనిచ్చి, పన్ను పన్నుకూ గుండ్రటి ఆకురాయి రెండు సార్లు రుద్దాలి. సలీం ఈసారి ఆపమన్న చోట ఆపాడు, రుద్దమన్న చోట రుద్దాడు.

మొదటి పలక లేపినప్పుడు వచ్చిన వాసన ఇప్పుడు ఇది రాస్తుంటే కూడా ముక్కుకు తగులుతోంది. తాజా వేప చేవ చేదు వాసన. దానిలో కాస్త నూనె, కాస్త గొర్రెల ఉన్ని కమురు. లోపల కర్ర ఎర్రగా, నున్నగా, అద్దంలా. సలీం దాని మీద అరచేయి పెట్టి, “ఇది కోత సారు. గిట్ల కోస్తదని నాకు తెల్వకపాయె,” అన్నాడు. లచ్చమ్మ పొట్టు పిడికెడు తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది. మా ముసలోని ఒళ్లు గిట్లనే వాసనొచ్చేది సారు అంది. నేను ఏదో పని ఉన్నట్టు టేపు చుట్టుకుంటూ అటు తిరిగాను.

రెండు నిలువు కర్రలూ నిఖార్సుగా వచ్చాయి. దుంగ ఆరే కొద్దీ కొసల్లో పగుళ్లు వచ్చాయి కాబట్టి, పద్ధతి ప్రకారం రెండు వైపులా నాలుగు వేళ్లంత తెగ్గోసి తీసేశాం. నేను వేసిన సుత్తి ముద్ర ఆ తెగ్గోసిన ముక్కతో పోయింది. ముక్కలకు విడిగా ముద్ర అక్కర్లేదు, పర్మిట్ రాసిచ్చాను, ట్రాక్టరులో వేసి తాడు బిగించాం. మా నిబంధనల్లో దుంగకు మొదలు ఉంటుంది, పలకకు ఉండదు.

ఆ నెల ఊరు ఖాళీ అయింది. నాకు మళ్లీ బదిలీ, ఈసారి మర్రిగూడ వైపు. పచ్చి కర్రను వెంటనే చౌకట్టు చేస్తే ఆరి వంకర పోతుంది, అందుకని కర్రలను కాలనీలో నీడ పట్టున అడ్డాల మీద పేర్చి, వానాకాలం దాటించమని లచ్చమ్మకు చెప్పి వచ్చాను. జలాశయంలోకి నీళ్లు వదిలారని పేపర్లో చూశాను. కాలనీకి పోయే బస్సు ఆ కట్ట మీదుగానే పోతుంది. లచ్చమ్మ మాత్రం బస్సులో ఆ వైపు కిటికీ దగ్గర కూర్చోదట, తల వంచుకుని పోతుందట. గా నీళ్ల మొఖం నేను చూడ అని ఒట్టు పెట్టుకుందని సలీం చెప్పాడు. నీళ్లొచ్చి పక్క మండలాల పత్తికి బతుకొచ్చింది, అది అబద్ధం కాదు. ఆమె కోపం కూడా అబద్ధం కాదు.

చలికాలంలో ఒక పొద్దున సలీం ఫోన్ చేశాడు. కాలనీలో లచ్చమ్మ ఇల్లు గోడల దాకా వచ్చింది, దర్వాజ నిలబెట్టడానికి వడ్రంగం చేసే వడ్ల నర్సింహాచారి వచ్చి కూర్చున్నాడు, పని ఆగిపోయింది, సారును రమ్మంటున్నారు అని. ఏమైందిరా అంటే, “నిలువు కర్రలల్ల మొదలేదో కొసేదో తెలుస్తలేదు సారు,” అన్నాడు.

ఈ పట్టింపు గురించి బయటివారికి చెప్పాలి. మా ప్రాంతంలో ఇంటికి నిలబెట్టే కర్ర చెట్టు నిలబడ్డట్టే నిలబడాలి. వేరు వైపు కిందికి, కొమ్మ వైపు పైకి. తలకిందులుగా నిలిపిన దర్వాజ కింద ఎవరూ కాలు పెట్టరు, పెళ్లి ఊరేగింపు దాని కింద పోదు, చుట్టాలు పెరటి దారిన వస్తారు. ఇది ఎవరూ ఎవరికీ చెప్పరు, ఎందుకంటే చెప్పాల్సిన అవసరం ఎన్నడూ రాలేదు. వడ్లాయన తానే చెట్టు కూల్పించేవాడు, తానే దూలం చెక్కేవాడు, మొదలు ఏదో ఆయన చేతికి తెలిసి ఉండేది. ఇప్పుడు కూల్చేవాడు ఒకడు, కోసేవాడు ఒకడు, మోసేవాడు ఒకడు, చౌకట్టు చేసేవాడు ఇంకొకడు. మేమంతా చైన్ పన్ను చూశాం, ముఖం నునుపు చూశాం. కర్ర తల ఎటో ఎవరి పనిలోనూ లేదు.

నేను వెళ్లేసరికి కర్రలు రెండూ గోడ పక్కన పడుకోబెట్టి ఉన్నాయి. నర్సింహాచారి వాటి పక్కన బీడీ తాగుతున్నాడు. లచ్చమ్మ కొత్త ఇంటి వాకిట కూర్చుని ఉంది. నన్ను చూసి లేచి, మంచినీళ్లు తెచ్చింది, నీళ్లిచ్చాక కర్రల వైపు చూసింది. ఆ చూపులో నా మీద నిష్ఠూరం లేదు, ఆశ ఉంది. అదే ఎక్కువ కష్టంగా అనిపించింది.

మొదటి కర్రను తిప్పించి ముఖం చూశాను. నున్నటి కోత ముఖం మీద, ఒక కొసకు అడుగు దూరంలో, నీలి నలుపు మచ్చ. ఇనుము తగిలిన చోట వేప చేవ అలా నల్లబడుతుంది. కత్తెర మొల మచ్చ. మామూలు చైన్ సాళ్లలో అయితే అది కనబడేది కాదు. మల్లయ్య చేయెత్తి కొట్టిన మొల కాబట్టి మచ్చ ఉన్న వైపు పైకి. లచ్చమ్మ లేచి వచ్చి, కర్రను నిలబెట్టమని, పక్కన నిలబడి చేయెత్తింది. మచ్చ ఆమె వేళ్లకు రెండు వేళ్లంత పైన ఉంది. ఆమె చేయి కిందికి దించకుండా అలాగే కొంచెంసేపు ఉంది.

రెండో కర్ర ఏమీ చెప్పలేదు. మొల మచ్చ లేదు, కణుపు లేదు. చేవకు దగ్గరగా కోసింది, నార గీతలు ఈ చివర నుంచి ఆ చివరకు తిన్నగా పోయాయి. రెండు చివర్లనూ వాసన చూశాను, బరువు చూశాను, గోటితో గీకి చూశాను. చారి నా వాలకం చూసి, రెండు చివరలకూ సగం సగం అవకాశం, ఏదో ఒక వైపు పైకి పెట్టి నిలబెడితే తెలిసేదెవరికి అక్కా అన్నాడు. ఆయన అన్నది తప్పేం కాదు, ఆయనకు ఇంకో ఊళ్లో పని ఉంది. లచ్చమ్మ గొంతు పెంచలేదు.

“నాకు తెలుస్తది వడ్లాయనా. మా ముసలోడు కంప పాతి కాపాడిన చెట్టు. దాన్ని తలకిందులు నిలబెట్టి, దానికిందికెల్లి నేను పోవాల్నా? గట్లయితే నాకు ఇనుప దర్వాజనే ఎయ్యుండ్రి.”

చారి బీడీ పారేశాడు. పాత పద్ధతి ఒకటుంది, తేలేసి చూద్దాం అన్నాడు. చెట్టు వేరు వైపు చేవ ఎక్కువ, కాబట్టి బరువు ఎక్కువ. ఆరిన కర్రను కదలని నీళ్లలో మెల్లగా వదిలితే వేరు వైపు కాస్త కిందికి మునుగుతుంది. నేనూ చిన్నప్పుడు మోత్కూర్‌లో విన్నాను, చూడలేదు. ఏడడుగుల కర్ర తేలాలంటే నీళ్లు కావాలి. కాలనీలో నీళ్లంటే నల్లాలే. బావి లేదు, కుంట లేదు. అంత నీళ్లు ఎక్కడున్నాయో అందరికీ తెలుసు.

నువ్వు రావద్దులే, మేం చూసి గుర్తు పెట్టుకొస్తం అని సలీం ఆమెకు చెప్పాడు. ఆమె లోపలికి వెళ్లి, పసుపు పొట్లం కొంగున కట్టుకుని వచ్చి ట్రాక్టరు ఎక్కింది.

కట్ట దిగిన చోట నీళ్లు ఊరి పాత బండ్ల బాటలోకి ఎక్కి ఆగాయి. మేం కర్రలు మోసుకొచ్చిన బాట అది. గాలి లేదు, నీళ్లు కదలడం లేదు. లచ్చమ్మ నీళ్లకు వీపు పెట్టి గట్టు మీద కూర్చుంది. సలీం, నేను ప్యాంట్లు మోకాళ్లపైకి మడిచి దిగాం. కర్రను నీళ్ల మీద పెట్టి చేతులు తీసేశాం. అది ఒకసారి పక్కకు పొర్లి, ఊగి, కుదురుకుంది. ఎడమ వైపు చివర నీళ్ల అంచు చిటికెన వేలంత పైకి ఎక్కింది. చారి ఒప్పుకోలేదు. తీసి, ఇటుదటు తిప్పి మళ్లీ వేయించాడు. అదే చివర మునిగింది. మూడోసారి కూడా అదే. ఇక చాలన్నాడు.

మొదలు దొరికింది లచ్చమ్మా అన్నాను. 

ఆమె లేచి ఇటు తిరిగింది. కర్ర వైపు చూడలేదు. నీళ్ల వైపు, చాలా దూరం చూసింది. ఆ చూపుకు అడ్డం రాకుండా మేం కర్ర పట్టుకుని అలాగే నిలబడ్డాం. వేలు చూపి అడిగింది.

“గక్కడనే గద సారు, మా దొడ్డి?”

ఆ ఊళ్లో నేను టేపు చుట్టని చెట్టు లేదు. ఎవరి దొడ్డి ఏ దిక్కున ఉందో మ్యాపు లేకుండా గీయగలను. కానీ ఆ నీళ్ల మీద చూస్తే ఒక్క గుర్తు కూడా నాకు దొరకలేదు. అబద్ధం చెప్పడం ఇష్టం లేక, తెలుస్తలేదు లచ్చమ్మా అన్నాను.

“నాకు తెలుస్తాంది,” అంది. చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టి నీళ్లలోకి దిగింది. పొట్లం విప్పి, తడి చేత్తో పసుపు ముద్ద చేసి, మునిగిన చివర చుట్టూ మూడు వేళ్లతో పూసింది. మిగిలిన పసుపును నీళ్లలో కడిగేసుకుంది. పసుపు నీళ్ల మీద కొంచెం దూరం పోయి కలిసిపోయింది.

దర్వాజ ఆ వారమే నిలబెట్టారు. కత్తెర మొలను చారి చేత కుడి కర్రకు, పాత మచ్చ మీదే కొట్టించుకుంది. అందేంత ఎత్తున కొట్టనా అక్కా అని చారి అడిగితే, వద్దని, ఉన్న చోటే కొట్టించింది.

నేను తర్వాత మూడేళ్లకు రిటైరయ్యాను. ముద్ర సుత్తి డిపోలో అప్పగించాను. ఇప్పుడు భువనగిరిలో కిరాయి ఇంట్లో ఉంటున్నాను, ఇంటికి ఇనుప చౌకట్లు. పక్క వీధిలో ఎవరైనా కర్ర కోస్తుంటే చైన్ శబ్దాన్ని బట్టి పన్ను మొద్దుబారిందో లేదో ఇక్కడినుంచే తెలుస్తుంది. లేచి వెళ్లి చెప్పాలనిపిస్తుంది. మా ఆవిడ కూర్చోమంటుంది, కూర్చుంటాను. ఆ వేప వాసన కోసం మాత్రం ప్రాణం లాగుతుంది. ఆ దుంగ దగ్గర ఒక్క పూటైనా మళ్లీ నిలబడాలని ఉంటుంది, దాచుకోవడం దేనికి.

దేవరకొండ వైపు పోతే కాలనీలో దిగుతాను. లచ్చమ్మ ఇప్పుడు బస్సులో నీళ్ల వైపు కిటికీ దగ్గరే కూర్చుంటుందని సలీం చెప్పాడు. సలీం ప్యాంటు జేబులో ఎప్పుడూ ఒక సుద్దముక్క ఉంటుంది. కోతకు ముందు దుంగ పొడుగునా, మొదలు నుంచి కొస వైపు బాణం గీస్తాడు. ముక్క ముక్కకూ మళ్లీ గీస్తాడు.

నిలువు కోతకు చైన్ ఎంచుకునే వారికి నేను చెప్పగలిగేది ఇదే. ముందు బార్‌కూ చక్రానికీ సరిపోయే కొలత, తర్వాత పది డిగ్రీల పన్ను, మట్టి తగిలే చెట్టయితే గుండ్రటి మూల, రెండు వైపులా సమానమైన పళ్లు. ఇవన్నీ సరిగ్గా చూసుకున్నాక, మిషన్ తాడు లాగే ముందు, కర్ర మొదలు ఎటో గుర్తు పెట్టండి. చైన్ ఎంత మంచిదైనా ఆ పని మాత్రం చేయదు.